కాలిన వాసన: సమస్య కనపడలేదు

పెళ్లైన కొత్తలో మా అత్తగారు నన్ను పిలిచి నా ఉద్యోగం ఏమిటని అడిగారు. కార్ల కంపెనీలో సర్వీస్ అడ్వైజరు అన్నాను. కార్లు బాగుచేస్తావా అన్నారు. లేదన్నాను. అమ్ముతావా అన్నారు. లేదన్నాను. కారు గలవాళ్లు చెప్పింది విని, రాసుకుని, బాగుచేసేవాళ్లకి చెబుతానన్నాను. దానికి జీతం కూడా ఇస్తారా అన్నారావిడ. నేను రిటైరయ్యే రోజు వరకూ మా యాజమాన్యానికీ ఆ సందేహం తీరినట్టు లేదు.

ఈ మధ్య ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. ప్రమోషన్ల గురించి చెప్పలేను, నాకు వచ్చినవి తక్కువ. వచ్చిన కారు ఫిర్యాదూ, చేసిన పనీ రాసే జాబ్ కార్డు కంప్యూటరులో ఎలా తెరవాలో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నాకు తెలిసిందల్లా వినడం గురించి. అది కూడా ఒకసారి సరిగ్గా వినకపోవడం వల్ల తెలిసింది. అందుకని అదే రాస్తున్నాను.

ఆ కారు, దాని మనుషులు

నేను బందరు సర్వీసు సెంటరులో ఉండగా మా కంపెనీ మధ్యరకం సెడాన్ ఒకటి వదిలింది. చిన్న కారు ధరకి కాస్త పైన, పెద్ద కారు మర్యాదకి కాస్త కింద. డిక్కీ పెద్దది, ఇంజను బుద్ధిమంతురాలు, నేలకి మాత్రం కొంచెం దగ్గర. డెల్టాలో ఉద్యోగస్తులు, చిన్న వ్యాపారులు, రొయ్యల చెరువుల రైతులు తెగ కొన్నారు. కొన్నవాళ్లలో నూటికి తొంభై మందికి అదే మొదటి కారు. మొదటి కారు కొన్న మనిషి దాని గురించి చెప్పేటప్పుడు కొంత తన గురించి కూడా చెబుతాడు. ఏది ఎవరి గురించో విడదీసుకోవడమే మన పని.

గుడివాడ రైసుమిల్లు యజమాని ఒకాయన కారు వైర్లు ఎలుకలు కొరికేశాయి. వారంటీలో ఎలుకలు వస్తాయా అని అడిగారు. మిల్లులో నుంచి వచ్చాయి, వారంటీలో రావు అని చెప్పాను. పామర్రులో ఒకాయన సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు మూడేళ్లుగా తీయకుండా, కూర్చుంటే చప్పుడొస్తోందని వచ్చారు. కవర్లు తీసేశాం. చప్పుడు పోయింది కానీ ఆయన మొహంలో కళ కూడా పోయింది, మళ్లీ తొడిగి పంపించాం. నాగాయలంక చెరువుల రైతు ఒకాయన డిక్కీలో రొయ్యల మేత బస్తాలు వేసుకు తిరుగుతూ, వెనక కుంగిపోతోంది, కంపెనీ మోసం చేసిందన్నారు. ఆ కారు దగ్గరికి ఎప్పుడు వెళ్లినా చెరువు గట్టు మీద నిలబడ్డట్టే ఉండేది.

ఇలాంటివి రోజూ వింటూ ఉంటే ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎదుటివాళ్లు చెప్పడం మొదలుపెట్టగానే మనం లోపల నవ్వుకోవడానికి సిద్ధమైపోతాం. నాకు ఆ జబ్బు బాగా ముదిరిన రోజుల్లో కరుణమ్మ టీచరు గారు వచ్చారు.

మూడు శుక్రవారాలు

కరుణమ్మ గారిది కోడూరు వైపు ఒక ఊరు. అక్కడి హైస్కూల్లోనే చాలాకాలం పాఠాలు చెప్పారు. ఆవిడ భర్త ఏసుపాదం గారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి కిడ్నీలు పాడైతే, ఆవిడ ఇంకా సర్వీసు ఉండగానే ఉద్యోగం మానేసి, డ్రైవింగు నేర్చుకుని, మా సెడాన్ కొన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు బందరులో ఆయనకి డయాలసిస్. ఉదయం పదింటికి మంచం. అరగంటకి మించి ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి వెళ్లిపోతుంది. సాయంత్రం ఖాళీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అన్నిటిలోకీ సోమవారం గడ్డు రోజు. శుక్రవారం తర్వాత మూడు రోజుల ఎడం కాబట్టి ఒంట్లో నీరు చేరి, పడుకోలేక, ఆదివారం రాత్రంతా కూర్చునే ఉండేవారట.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఆయన్ని మిషను మీద పెట్టించి ఆవిడ మా దగ్గరికి వచ్చారు.

"రహీమ్ గారూ, బండిలో ఏదో కాలుతున్న వాసన వస్తోందండీ. అవనిగడ్డ దాటాక మొదలవుతుంది. చల్లపల్లి వచ్చేసరికి తగ్గిపోతుంది."

ఏసీ వేసినప్పుడా, గేరు మార్చినప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా అని వరసగా అడిగాను. ఆవిడ ఆలోచించి ఆలోచించి దేనికీ సంబంధం లేదన్నారు. రాసుకున్నాను. కారు కడిగారు, లిఫ్టు ఎక్కించారు, మెకానిక్ చూశాడు. అద్దంలా ఉంది. హైవే మీద నాలుగు కిలోమీటర్లు తిప్పి తెచ్చాడు. ఏ వాసనా లేదు. జాబ్ కార్డు మీద 'సమస్య కనపడలేదు' అని రాసి ఇచ్చాను.

తర్వాతి శుక్రవారం మళ్లీ వచ్చారు. మళ్లీ కడిగారు, ఎక్కించారు, చూశారు, తిప్పారు. నేను మళ్లీ అదే రాశాను. ఆ రోజు మా మేనేజరు శేషగిరి గారు ఆవిడ వెళ్లాక నా బల్ల దగ్గరికి వచ్చారు.

"రహీమ్, ఆవిడ ఇంట్లో జబ్బుమనిషి ఉన్నాడు. నిద్రుండదు. అలాంటివాళ్లకి లేని వాసనలు వస్తాయయ్యా."

శేషగిరి గారు చెడ్డవాడు కాదు. కార్డు తెరిచిన కారు సాయంత్రం లోపల బయటికి పోవాలనేది ఆయన మీద ఉన్న ఒత్తిడి, ఆ ఒత్తిడి మా అందరి మీదా సమానంగా పంచేవారు. ఆయన అన్నది తప్పు. దానికి నేను నవ్వాను, ఆ నవ్వు మాత్రం నా సొంతం. ఇన్నేళ్ల సర్వీసులో వెనక్కి తీసుకోవాలనిపించేవి రెండు మూడున్నాయి, అందులో అదొకటి.

మూడో శుక్రవారం ఆవిడ నేనిచ్చిన కార్డుని నిలబడే చదివారు. పరీక్ష పేపరు చూసినట్టు పైనుంచి కింది దాకా చూసి, బల్ల మీద పెట్టారు. గొంతు పెంచలేదు.

"అయితే సోమవారం ఆయన్ని ఇందులో ఎక్కించమంటారా? మీరు ఎక్కించమంటే ఎక్కిస్తాను."

అంతకు ముందు ఎంతోమందికి ఎన్నో చెప్పాను కానీ, నా మాట మీద ఒక మనిషిని ఎక్కిస్తానని ఎవరూ అనలేదు. వేరే బండి మాట్లాడుకోకూడదా అన్నాను. బస్సు మెట్లు ఎక్కలేరని, ఆటోలో అంతదూరం కూర్చోలేరని, ఊళ్లో ఉన్న ఒక్క అద్దె కారు సోమవారం పెళ్లికి వెళ్తోందని చెప్పారు. అన్నీ ముందే కనుక్కుని, చివరికి నా దగ్గరికి వచ్చారని అప్పుడు అర్థమైంది.

సోమవారం నేను కూడా మీతో వస్తానన్నాను. శేషగిరి గారు సెలవు పెట్టి వెళ్లమన్నారు. పెట్టాను.

సోమవారం

మొదటి బస్సుకి అవనిగడ్డ వెళ్లి, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ల ఊరు చేరాను. ఏసుపాదం గారు అప్పటికే వెనక సీట్లో, దిండు వీపుకి ఆనించుకుని నిటారుగా కూర్చుని ఉన్నారు. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. మాటకీ మాటకీ మధ్య గాలి కోసం ఆగుతున్నారు. నన్ను చూసి, ఆగి ఆగి, "రండి రండి... ముందుకి జరగండి... ముందు ఖాళీ ఉంది," అన్నారు. ఉద్యోగం మనిషిని వదలడానికి టైము పడుతుంది.

ఊరు దాటగానే రోడ్డుకి అడ్డంగా మినుము పరిచి ఉంది. వరి కోశాక మా వైపు చేలల్లో మినుము వేస్తారు. ఫిబ్రవరి, మార్చిలో మొక్కలు పీకి, ఎండబెట్టి, ఆ ఎండు కట్టెని తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్ల చక్రాల కింద కాయలు పగిలి గింజ రాలుతుంది. ఇది మాకు తెలియని సంగతేం కాదు. బందరు రోడ్డు మీద నేను కూడా ఎన్నోసార్లు పక్కనుంచి తప్పించుకు వెళ్లినవాణ్ణే.

కరుణమ్మ గారు తప్పించలేదు. రోడ్డు పక్కన తలపాగా చుట్టుకుని నిలబడ్డ రైతు చెయ్యెత్తాడు.

"టీచర్ గారూ, ఒక్కసారి అటూ ఇటూ. బాగా ఎండిందండీ ఇయ్యాల."

ఆవిడ తలూపి, మోకాలెత్తు పరిచిన కట్టె మీదుగా కారుని నెమ్మదిగా పోనిచ్చారు. చివరికి వెళ్లి రివర్సు వేశారు. మళ్లీ ముందుకి పోనిచ్చారు. కారు పొట్ట కింద ఎండు మొక్కలు ఈడ్చుకుపోతున్న చప్పుడు నా అరికాళ్లకి తెలుస్తోంది. రైతు దణ్ణం పెట్టాడు. ఆయన పేరు వెంకటేశ్వర్లని, పిల్లలిద్దరూ తన దగ్గరే చదివారని ఆవిడ చెప్పారు.

 ఇలా రోజూనా అని అడిగాను.

"బందరు వెళ్లే రోజుల్లోనేనండీ. మిగతా రోజుల్లో బండి తీయను కదా."

"ఈ సంగతి మాకు చెప్పలేదేమండీ?"

"మీరు అడిగినవన్నీ చెప్పానండీ. ఏసీ అడిగారు, గేరు అడిగారు, బ్రేకు అడిగారు."

అవనిగడ్డ శివార్లలో కారు ఆపమన్నాను. రోడ్డు మీద చొక్కాతోనే వెల్లకిలా పడుకుని కిందికి దూరాను. వేలాడుతున్న కట్టె చేతికందినంతా లాగేశాను. రెండు చేతుల నిండా వచ్చింది. కానీ ఆ సెడాన్ ఇంజను కింద ప్లాస్టిక్ మూత ఒకటుంటుంది, రాళ్లూ బురదా తగలకుండా. ఆ మూతకీ ఇంజనుకీ మధ్య, సైలెన్సరు గొట్టం ఎర్రగా కాలే చోట, ఏముందో కింద నుంచి కనపడదు. మూత విప్పాలంటే స్పానరు కావాలి. సర్వీసు సెంటరులో జీవితమంతా గడిపిన మనిషిని, జేబులో పెన్ను తప్ప ఏమీ లేకుండా వచ్చాను.

లేచి చూస్తే ఏసుపాదం గారి పెదాలు నల్లబడుతున్నాయి. కరుణమ్మ గారు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నావైపే చూస్తున్నారు. అవనిగడ్డలో మెకానిక్ షాపు తెరిచే వరకూ ఆగితే మంచం పోతుంది.

"చాలావరకు వచ్చేసిందండీ. పదండి," అన్నాను.

కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్క మాట రాసి పెట్టుకోండి. మన పనిలో 'చాలావరకు' అంత ప్రమాదమైన మాట ఇంకోటి లేదు. తెలియనిదాన్ని తెలియదనడానికి బద్ధకించినప్పుడు నోట్లోకి అదే వస్తుంది. ఆ రోజు నేను చెప్పాల్సింది, పైన ఏముందో నాకు కనపడలేదు, వెళ్లడమా ఆగడమా మీరే నిర్ణయించండి అని. ఆవిడ అప్పుడు కూడా బయల్దేరేవారేమో. కానీ తెలిసి బయల్దేరేవారు.

మోపిదేవి దాటాక

మోపిదేవి దాటి రెండు మూడు కిలోమీటర్లు వచ్చాం.  వెనక నుంచి ఏసుపాదం గారి ఊపిరి ఒక్కటే వినపడుతోంది. ఆవిడ ఉన్నట్టుండి అద్దం కొంచెం దించారు.

"మీకు వస్తోందా అండీ?"

"వస్తోందండీ."

ముందు ఎండుగడ్డి కాలినట్టు, వెంటనే ప్లాస్టిక్ కాలినట్టు. బానెట్ అంచుల్లోంచి సన్నగా పొగ. ఆపెయ్యమన్నాను. ఆవిడ ఎడమ పక్కకి, కాలవ గట్టు మీదికంటా తీసి ఆపి, ఇంజను కట్టేశారు. నేను దూకి వెనక తలుపు లాగాను. అది కిలోమీటరు రాయికి తగులుకుని జానెడు మించి తెరుచుకోలేదు. కారు ముందుకి జరపాలంటే మళ్లీ స్టార్ట్ చేయాలి. కింద చిన్న మంట కనపడుతోంది.

కుడివైపుకి పరిగెత్తాను. ఆవిడ అప్పటికే ఆ తలుపు తీసి, సీటు మీద మోకాళ్లూని, ఆయన చంకల కింద చేతులు వేసి ఉన్నారు. ఆయన బరువైన మనిషి, పైగా ఒంటినిండా నీరు. సీటు బెల్టు ఇంకా ఉంది. నేను ఆవిడ మీదుగా వంగి బెల్టు తప్పించాను. ఇద్దరం కలిసి సీటంతా ఈడ్చాం. దిండు కింద పడిపోయింది. ఆయన ఒక్కటే మాట అంటున్నారు, "నెమ్మదిగా... నెమ్మదిగా," అని. అది మాతో అంటున్నారో తన ఊపిరితో అంటున్నారో తెలియలేదు.

ఆయన్ని రోడ్డుకి అవతల కూర్చోబెట్టేసరికి పొగ నల్లబడింది. అప్పుడు వెనక నుంచి రొయ్యల ట్రేలతో ఒక వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు దిగి బానెట్ మీద చెయ్యి వేయబోతే తెరవొద్దని అరిచాను. ఆ రోజు నేను చేసిన సరైన పని బహుశా అదొక్కటే. బానెట్ తెరిస్తే లోపలికి గాలి వెళ్లి మంట ఒక్కసారి లేస్తుంది. అతను వెనక్కి వెళ్లి, ట్రేల్లోని ఐసు ముక్కలు, ఐసు నీళ్లు బకెట్లతో తెచ్చి చక్రాల సందుల్లోంచి కిందికి కొట్టడం మొదలుపెట్టాడు. నేను కాలవ గట్టు బురద చేతులతో ఎత్తి విసిరాను. ఎంతసేపో చెప్పలేను. మంట తగ్గి ఆవిరి మిగిలింది.

కరుణమ్మ గారు ఇటు చూడనే లేదు. ఆయన పక్కన కూర్చుని, చేతి గడియారం చూసుకుంటున్నారు. వ్యాను డ్రైవరుకి ఆవిడ చెప్పింది రెండే ముక్కలు, పదింటికి డయాలసిస్ అని. అతను చల్లపల్లి నుంచి పామర్రు వైపు పోవాల్సినవాడు.

"రొయ్యలు ఐసులోనే ఉన్నాయి లెండి," అన్నాడు. "ఆయన్ని ఎక్కించండి."

ముందు సీటు ఎత్తు. ముగ్గురం ఎత్తి కూర్చోబెట్టాం. ఆవిడ పక్కన ఇరుక్కున్నారు. నాకు చోటు లేదు. ఉన్నా, ఇంకా ఆవిరి వస్తున్న కారుని అలా వదిలి వెళ్లకూడదు. వ్యాను వెళ్లిపోయింది. అప్పటికి పదికి ఇరవై నిమిషాలుంది. బందరు దూరం.

నాంచారయ్య

మా సర్వీసు సెంటరు నుంచి బండి వచ్చి కారుని లాక్కెళ్లే ముందు, మెకానిక్ చేత అక్కడే ఆ మూత విప్పించాను. సగం కరిగిపోయిన మూత మీద నల్లగా కాలిన మినప కట్టె పక్షిగూడులా చుట్టుకుని ఉంది. కొంత ఆ రోజుది. అడుగున పొడిపొడిగా ఉన్నది శుక్రవారం మా దగ్గర కడిగించుకుని ఇంటికి తిరిగి వెళ్లేటప్పటిది.

మరి మూడు శుక్రవారాలూ మాకెందుకు కనపడలేదు? మర్నాడు కార్లు కడిగే నాంచారయ్యని అడిగాను. నాకంటే ముందు నుంచీ అక్కడున్న మనిషి.

"మూడుసార్లూ బోలెడు కట్టె తీశానండీ. మూత సందుల్లోకి పైపు పెట్టి కొడితే గానీ రాలేదు."

మరి ఎవరికీ చెప్పలేదేమని అడిగితే, వింతగా చూశాడు. చెత్త తీయడమే తన పని కదా అన్నాడు. అతని తప్పేం లేదు. ఏ సర్వీసు సెంటరులో అయినా కారు రాగానే ముందు కడుగుతారు, తర్వాత చూస్తారు. బురద కారు కింద పనిచేయడం మెకానిక్కులకి చిరాకు, మేనేజర్లకి నామోషీ. రోగి వాంతి చేసుకుంటే తుడిచేసి, తర్వాత డాక్టరుని పిలిచి, ఈయనకి ఏమైందో చూడండి అన్నట్టుగా మేం పనిచేస్తున్నామని అన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్లూ రెండు మార్చాను. ఫిర్యాదుతో వచ్చిన కారుని కడగక ముందు లిఫ్టు ఎక్కించి చూడటం ఒకటి. శేషగిరి గారు నెలరోజులు గొణిగారు, తర్వాత అది తన ఆలోచనేనని పైవాళ్లకి రాశారు. నాకు అభ్యంతరం లేదు. రెండోది, నేనడిగే ప్రశ్న. కారులో ఏమైంది అని అడగడం మానేసి, ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి ఇక్కడికొచ్చే వరకూ ఏం జరిగిందో చెప్పండి అని అడిగేవాణ్ణి. చాలామంది ఉప్మాతో మొదలుపెట్టేవారు. విసుక్కోకుండా వినేవాణ్ణి.

ఆ రోజు మధ్యాహ్నం

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ సోమవారం నేను బురద చొక్కాతో చల్లపల్లిలో బస్సెక్కి బందరు వెళ్తున్నప్పుడు నాకు ఏమీ తెలియదు. ఆవిడకి ఫోను చేద్దామని రెండుసార్లు తీసి, రెండుసార్లూ జేబులో పెట్టేసుకున్నాను. మంచం దొరకలేదని చెబుతారేమోనని భయం. దారిలోనే ఏమైనా అయిందని చెబుతారేమోనని ఇంకా భయం.

ఆసుపత్రి వరండాలో చివరి బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉన్నారు. చీర కుచ్చిళ్లు ఐసు నీళ్లకి తడిసి, రొయ్యల వాసన వేస్తున్నాయి. ఎదురుగా డయాలసిస్ గది తలుపు మూసి ఉంది. నేను ఆవిడ మొహంలో వెతికాను. ఏమీ తెలియలేదు. టీచర్ల మొహాలు చదవడం ఎప్పుడూ కష్టమే.

అడగడానికి ధైర్యం చాలక పక్కన నిలబడ్డాను. ఆవిడే చెప్పారు, పది దాటి పాతిక నిమిషాలకి చేరామని, మంచం ఇంకా తీసేయలేదని, నర్సు తిట్టిందని, ఆయన ఇప్పుడు పడుకున్నారని. ఆదివారం పొద్దుట్నుంచీ మొదటిసారి పడుకున్నారట.

బెంచీ మీద కూర్చున్నాను. క్షమాపణ ఒకటి బస్సులో తయారు చేసుకున్నాను, మన ఉద్యోగంలో అవి బాగానే తయారుచేస్తాం. మొదలుపెట్టాను కూడా. కడిగేశాక చూశామని, వాసన నిజమేనని, కార్డు మీద నేను రాసింది తప్పని చెబుతున్నాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. కోపంగా కాదు. తరగతిలో జవాబు చాలాసేపు సాగదీస్తున్నవాణ్ణి కూర్చోమన్నట్టు.

"నేను మూడుసార్లు వచ్చానండీ మీ దగ్గరికి," అన్నారు. "మీరు మా ఊరు ఒక్కసారి వచ్చారు. ఒక్కసారికే తెలిసిపోయింది."